మూడు సెకన్ల ఓపిక

ఎదుటివాళ్లు మాట ఆపగానే మనం అందుకుంటాం. ఎంత త్వరగా అందుకుంటామో కొలిచినవాళ్లు కూడా ఉన్నారు. పది భాషల్లో జనం మాట్లాడుకునే తీరును గమనించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతు. జపాన్ వాళ్లు అందరికంటే చురుగ్గా, డెన్మార్క్ వాళ్లు అందరికంటే నిదానంగా బదులిచ్చారు. ఆ తేడా కూడా రెప్పపాటే. అంత తక్కువ వ్యవధిలో పూర్తిగా విని, ఆలోచించి, మాట కూర్చుకోవడం కుదరదు. అవతలివాళ్లు ఇంకా చెబుతుండగానే మన జవాబు సిద్ధమైపోతోందన్నమాట.

మామూలు కబుర్లకు దీనివల్ల నష్టమేమీ లేదు. నలుగురూ చేరి ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకోవడంలో ఉన్న సందడి నాకూ ఇష్టమే. కష్టం చెప్పుకోవడానికి వచ్చిన మనిషి దగ్గర మాత్రం ఈ అలవాటు అన్యాయం చేస్తుంది.

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో తరగతి గదులను పరిశీలించారు. టీచర్లు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగేది దాదాపు ఒక్క సెకను. ఈలోపు పిల్లలు నోరు విప్పకపోతే ప్రశ్న ఇంకొకరికి వెళ్తుంది, లేదా జవాబు టీచరే చెప్పేస్తారు. ఆ సెకనును మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’ అనడం తగ్గింది, వెనకబడ్డారనుకున్న పిల్లలు కూడా చేతులెత్తారు. ఆమె ఇంకో విరామం గురించి కూడా చెప్పారు. అది పిల్లవాడు జవాబు చెప్పి ఆగిన తర్వాతిది. ‘గుడ్’ అనో, ‘తప్పు’ అనో వెంటనే తేల్చేయకుండా కాసేపు ఊరుకుంటే, వాడే తన మాటను సరిచేసుకుంటాడు, కారణం చెబుతాడు. నాకు ఈ రెండోదే ముఖ్యమనిపిస్తుంది. ఇంట్లో మనం ఎక్కువగా కాజేసేది దాన్నే. ‘లెక్కల్లో తక్కువొచ్చాయి’ అని బిడ్డ అనగానే ఉపన్యాసం మొదలవుతుంది. ఆ వాక్యం వెనక ఉన్న అసలు సంగతి, బహుశా బెంచీలో పక్కవాడితో పడుతున్న బాధ, లోపలే ఉండిపోతుంది.

ఆస్పత్రుల్లోనూ ఇదే వరస. 1984లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, రోగి తన బాధ చెప్పడం మొదలెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగిలినట్టు తేలింది.

ఫోన్ మాటల్లోనూ అంతే. గుంటూరులో అమ్మ, డాలస్‌లో కొడుకు. భోజనం, ఆరోగ్యం, వాతావరణం అయిపోయాక ‘ఇంకేంట్రా?’ ‘ఏం లేదమ్మా.’ ‘సరే, ఉంటా మరి.’ ఆ ‘ఏం లేదమ్మా’ తర్వాత ఫోన్ పెట్టేయకుండా ఊపిరి తీసుకునేంత సేపు ఆగి చూడండి. ఉద్యోగం గురించిన దిగులో, కోడలితో వచ్చిన మాటో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. ముందు నుంచీ చెప్పాలనే ఉంటుంది. సందు దొరకదు.

ఇక పరామర్శ. మన వైపు చావు ఇంటికి వెళ్లినవాళ్లు ఏదో ఒకటి అనకపోతే బాగుండదనుకుంటారు. ‘ఎలా జరిగింది? ఏ ఆస్పత్రి? ముందే చూపించలేదా?’ వచ్చిన ప్రతివాళ్లకూ భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు మొదటి నుంచీ చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రిని మళ్లీ అనుభవించాలి. ‘ముందే చూపించలేదా’ అన్న ప్రశ్న ఆమె మీద ఎంత నేరం మోపుతుందో అడిగినవాళ్లకు తట్టదు. ‘వదినా, నేనున్నాను’ అని పక్కన కూర్చుంటే చాలు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వాలి. ఆయన గురించి చెప్పాలనిపిస్తే ఆమే చెబుతుంది. వంటింట్లోకి వెళ్లి పిల్లలకింత అన్నం కలిపిపెట్టడం కూడా పరామర్శే.

నోరు మూసుకున్న ప్రతి మౌనమూ మంచిది కాదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం మౌనాన్ని వాక్కుకు సంబంధించిన తపస్సులో కాక, మనసుకు సంబంధించిన తపస్సులో చేర్చింది. లోపల కుతకుత ఉడికిపోతూ రోజుల తరబడి భార్యతో మాట్లాడని భర్త చేస్తున్నది తపస్సు కాదు, శిక్ష వేయడం. గాంధీజీ సోమవారాలు మౌనం పాటించేవారు, అవసరమైతే కాగితం మీద రాసి చెప్పేవారు. అది ఆయన నియమమని చుట్టూ ఉన్నవాళ్లకు తెలుసు. ఇంట్లోనూ అంత స్పష్టత ఉండాలి. ‘నాకిప్పుడు కోపంగా ఉంది, రాత్రికి మాట్లాడుకుందాం’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే అవతలి మనిషి తల్లడిల్లదు. రాత్రికి మాట్లాడటం మాత్రం మరవకూడదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ‘మౌనం అర్ధాంగీకారం’ అనే నానుడి. పెళ్లిచూపులు అయ్యాక అమ్మాయి తల వంచుకుని ఊరుకుంటే ఇష్టమేనని పెద్దలు తాంబూలాలు పుచ్చేసుకుంటారు. ఆ ఊరుకోవడంలో భయం ఉండొచ్చు, నాన్న పరువు గురించిన ఆలోచన ఉండొచ్చు, ఇంకా తేల్చుకోలేకపోవడం ఉండొచ్చు. అత్తయ్యలూ పిన్నులూ లేని గదిలో, తనకు చనువున్న ఒక్కరే అడగాలి. వారం గడువివ్వాలి. ‘వద్దంటే ఎవరూ ఏమీ అనరు’ అని ముందే చెప్పి, అవునో కాదో ఆమె నోటితోనే వినాలి.