శ్రీ నీలం సంజీవరెడ్డి: ఎన్నికలు, రాజీనామాలు

పోటీ పరీక్షలకు చదివే మన విద్యార్థులకు శ్రీ నీలం సంజీవరెడ్డిగారి పేరు కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రి ఎవరు, పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి ఎవరు అనే రెండు ప్రశ్నలకు సమాధానంగా ఆ పేరును కంఠస్థం చేయనివారు అరుదు. అయితే పదవుల పట్టికను చూచి ఒక రాజకీయవేత్తను అర్థం చేసికొనుట సాధ్యం కాదు. ఆయన ఏ పదవిని ఎట్లు పొందినారో తెలియవలెను. దానికంటె ముఖ్యంగా ఏ పదవిని ఎట్లు విడిచినారో తెలియవలెను. సంజీవరెడ్డిగారి జీవితంలో ఈ రెండవ విషయమే ఎక్కువ బోధకరమైనదని మా అభిప్రాయం. ఓట్లు లెక్కించిన చోట ఆయన రెండు పర్యాయాలు పెద్ద ఓటములను చవిచూచినారు. ఉన్నత పదవులకు నాలుగు పర్యాయాలు రాజీనామా ఇచ్చినారు. వానినే ఇచ్చట ప్రధానంగా పరిశీలింతుము.

సంజీవరెడ్డిగారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో జన్మించినారు. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజ పాఠశాలలోను, అనంతపురం ప్రభుత్వ కళాశాలలోను చదివి, 1931లో చదువు మాని జాతీయోద్యమంలో ప్రవేశించినారు. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి కార్యదర్శియై సుమారు పది సంవత్సరాలు ఆ బాధ్యతను వహించినారు. నడుమ చాలా కాలం కారాగారంలోనే గడిచినది. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికైనారు. రాజ్యాంగ సభలో సభ్యులుగా ఉన్నారు. 1949 నుండి 1951 వరకు మద్రాసు మంత్రివర్గంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖలను నిర్వహించినారు. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో ఆచార్య ఎన్.జి. రంగాగారిని ఓడించినారు. రంగాగారు ఆ తరువాత కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించినారు.

ఇంతవరకు మెట్టు మీద మెట్టుగా సాగిన ప్రస్థానం వయోజన ఓటు హక్కుతో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో హఠాత్తుగా ఆగినది. అనంతపురంలో ఆయనపై పోటీ చేసినవారు కమ్యూనిస్టు నాయకులు శ్రీ తరిమెల నాగిరెడ్డి. నాగిరెడ్డిగారు సంజీవరెడ్డిగారికి స్వయాన బావమరిది. అప్పటికి ఆయన జైలులో ఉన్నారు. ఊరూరా తిరిగి ఓటు అడిగే అవకాశం లేదు. అయినను గెలిచినది ఆయనే. మంత్రి పదవి చేసినవారు, రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షులు, తమ సొంత జిల్లాలో ఖైదీగా ఉన్న బంధువు చేతిలో ఓడినారు. పార్టీ నాయకులను, కార్యకర్తలను ఒప్పించుట వేరు, లక్షలాది సామాన్య ఓటర్లను ఒప్పించుట వేరు అని ఆ ఫలితం తెలియజేసినది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించినది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి కాగా, సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి అయినారు. మద్యనిషేధం విషయమై ఆ ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో కూలిపోయినది. 1955 మధ్యంతర ఎన్నికలలో ఆయన కాళహస్తి నుండి గెలిచి, శ్రీ బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో మరల ఉపముఖ్యమంత్రి అయినారు. రాజనీతి శాస్త్ర విద్యార్థులు ఆ ఎన్నికలలోని ఒక అంకెను గుర్తుంచుకొనవలెను. కమ్యూనిస్టు పార్టీకి సుమారు 31 శాతం ఓట్లు వచ్చినవి. 196 స్థానాలలో దక్కినవి మాత్రం 15. కాంగ్రెసు ఇతర పక్షాలతో కలిసి ఒకే కూటమిగా నిలిచినందున ప్రత్యర్థుల ఓటు చీలలేదు. ఓట్లకు, స్థానాలకు మధ్య ఇంత అగాధం ఏర్పడుట మన ఎన్నికల పద్ధతి స్వభావం.

1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు కాంగ్రెసు శాసనసభా పక్షం సంజీవరెడ్డిగారిని నాయకునిగా ఎన్నుకొన్నది. అప్పటికి ఆయన వయస్సు 43 సంవత్సరాలు. ఆ సంవత్సరం ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైనపుడు ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వారు కావలెనని అందులో ఉన్నది. కాని ఆయన మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రియే లేరు. ఆ పదవి చేతికి ఆరవ వేలు వంటిదని ఆయన అన్నట్లు ప్రసిద్ధి. స్వయంగా రెండు పర్యాయాలు ఉపముఖ్యమంత్రిగా పనిచేసినవారు అట్లనుట విడ్డూరమే. మాటగా అది చమత్కారం కావచ్చును. తెలంగాణ ప్రజల మనస్సులో అది వాగ్దానభంగంగానే నిలిచినది. 1969 ఉద్యమంలోను, ఆ తరువాత 2014లో ప్రత్యేక రాష్ట్రం ఏర్పడువరకు కూడ ఈ ఒప్పందం ప్రస్తావన వచ్చుచునే ఉన్నది. తెలంగాణలోని పరిపాలనలో, న్యాయస్థానాలలో ఉర్దూకు ఉన్న స్థానాన్ని ఐదు సంవత్సరాలు కొనసాగింపవలెనన్న అంశం కూడ ఆ ఒప్పందంలో ఉన్నదని మన ఉర్దూ విభాగం విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

ఆ పాలనలో మేలు లేదని కాదు. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూగారి చేత పంచాయతీరాజ్ వ్యవస్థకు ప్రారంభోత్సవం జరిగినది. రాజస్థాన్ తరువాత ఆ వ్యవస్థను చేపట్టినది మన రాష్ట్రమే. 1960 జనవరిలో సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవిని వదలి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులైనారు. శ్రీ దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయినారు. ఇది మొదటి రాజీనామా. 1962 ఎన్నికలలో కర్నూలు జిల్లా డోన్ నుండి గెలిచి సంజీవరెడ్డిగారు మరల ముఖ్యమంత్రి పదవికి వచ్చినారు.

రెండవ రాజీనామాను కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ప్రభుత్వం బస్సు మార్గాలను జాతీయం చేయుచున్న రోజులవి. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని మార్గాలను ముందుగా ఎంపిక చేయుటలో రాజకీయ వైరం ఉన్నదని, తమకు ప్రతికూలంగా ఉన్న బస్సు యజమానులను దెబ్బతీయుటకే ముఖ్యమంత్రి ఆ క్రమాన్ని మార్పించినారని బస్సు యజమానులు న్యాయస్థానానికి వెళ్ళినారు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరినది. ఆరోపణ ముఖ్యమంత్రిపై వ్యక్తిగతంగా చేసినది. దానిని ఖండించుచు ఆయన స్వయంగా ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. ఖండింపబడని ఆరోపణను కాదనుటకు ఆధారం లేదని భావించి, 1964 ఆరంభంలో న్యాయస్థానం ఆ పథకాన్ని కొట్టివేసినది. ఆయనను పదవి నుండి తొలగించే అధికారం ఆ తీర్పుకు లేదు. శాసనసభలో ఆయన పక్షానికి అధిక సంఖ్యాబలం ఉన్నది. కోరుకొన్నచో కొనసాగవచ్చును. అయినను 1964 ఫిబ్రవరిలో ఆయన పదవిని విడిచినారు. శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయినారు.

ఆయన రాజీనామాలలో మిగిలిన మూడును మరియొక పెద్ద పదవికై చేసినవి. ఈ ఒక్కటి మాత్రం, చేతిలో వేరొక పదవి లేకుండా, ఒక న్యాయస్థానం వ్యాఖ్యను గౌరవించి చేసినది. అదే సంవత్సరం జూనులో శాస్త్రిగారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ ఆయనకు లభించినది గనుక శిక్ష స్వల్పకాలమే అనువారు ఉన్నారు. అది నిజమే. కాని ఫిబ్రవరిలో రాజీనామా పత్రం వ్రాయునాటికి జూను సంగతి తెలియదు గదా!

1967లో హిందూపురం నుండి లోక్‌సభకు ఎన్నికై, సభాపతి స్థానాన్ని పొందినారు. ప్రతిపక్షాల అభ్యర్థిగా శ్రీ తెన్నేటి విశ్వనాథం పోటీ చేసినారు. సభాపతి అయిన వెంటనే సంజీవరెడ్డిగారు కాంగ్రెసు సభ్యత్వాన్ని వదలుకొన్నారు. సభాపతి ఏ పక్షానికి చెందరాదన్న సూత్రానికి ఇది ఉత్తమ నిదర్శనమని నాడు అందరును మెచ్చుకొన్నారు.

1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగా మరణించినారు. జాకిర్ హుస్సేన్ గారు హైదరాబాదులో జన్మించినవారు. ఆయన స్థానానికి కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు బెంగుళూరులో సంజీవరెడ్డిగారిని నిర్ణయించినది. ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ మనస్సులో ఉన్నవారు శ్రీ జగ్జీవన్ రామ్. అయినను అధికార అభ్యర్థిగా సంజీవరెడ్డిగారే నిలిచినారు. జూలైలో సభాపతి పదవికి రాజీనామా చేసినారు. ఇది మూడవది. పార్టీని విడిచి సభాపతి అయినవారు మరల ఆ పార్టీ అభ్యర్థిగా, అందులోను ఒక వర్గం వారి అభ్యర్థిగా, బరిలో దిగుట మాకు సమంజసంగా తోచదు. 1967లో సంపాదించుకొన్న గౌరవంలో కొంత ఇచ్చట ఖర్చయినది.

ఉపరాష్ట్రపతి శ్రీ వి.వి. గిరి రాజీనామా చేసి స్వతంత్రులుగా పోటీకి దిగినారు. బరంపురం నుండి వచ్చిన గిరిగారును తెలుగువారే. స్వతంత్ర, జనసంఘ పక్షాలు శ్రీ సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలిపినవి. పోలింగుకు ముందు ఇందిరాగాంధీ కాంగ్రెసు సభ్యులను అంతరాత్మ ప్రబోధాన్ని అనుసరించి ఓటు వేయవలసినదిగా కోరినారు. తమ పార్టీ అభ్యర్థికి ఓటు వేయనక్కరలేదని చెప్పుటకు అది మర్యాదగల మాట.

ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు జరిగినవి. ఈ లెక్కను విద్యార్థులు కాగితంపై వేసి చూచుకొనుట అవసరం. రాష్ట్రపతి ఎన్నికలో ఒక సభ్యునికి ఒక ఓటు ఉన్నను దాని విలువ ఒకటి కాదు. 1961 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశ్ జనసంఖ్య సుమారు 3 కోట్ల 60 లక్షలు. శాసనసభ్యులు 287 మంది. జనసంఖ్యను 287తో, ఆపై వేయితో భాగించిన 125 వచ్చును. అది మన శాసనసభ్యుని ఓటు విలువ. నాడు పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. అందులో సగానికి పైన, అనగా 4,18,169 వచ్చినవారు గెలిచినట్లు. పోటీలో ఉన్న 15 మందిలో మొదటి ప్రాధాన్యంగా గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చినవి. ఎవరికిని సగం దాటలేదు. కనుక క్రింది నుండి ఒక్కొక్కరిని తొలగించుచు, వారి ఓట్లలోని తరువాతి ప్రాధాన్యాలను పైవారికి కలుపుచు పోయినారు. అట్లు సంజీవరెడ్డిగారికి 91,879 కలిసినవి. గిరిగారికి 18,562 మాత్రమే. కాని మొదటి లెక్కలోని దూరం పూడలేదు. తుది లెక్కలో గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427.

తేడా 14,650. పార్లమెంటు సభ్యుల ఓట్లలో చెప్పవలెనన్న, పదమూడుగురు గిరిగారి పక్షం నుండి ఇటు మరలిన ఫలితం తారుమారు అయ్యేది. ఈ పరాజయం ఒక వ్యక్తితో ఆగలేదు. అదే సంవత్సరం నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలినది. దేశ రాజకీయాల గతి మారినది. సంజీవరెడ్డిగారు అనంతపురం వెళ్ళి వ్యవసాయం చేసికొన్నారు.

1975 మే 1న హైదరాబాదులో జయప్రకాశ్ నారాయణ్‌గారితో కలిసి బహిరంగ సభలో ప్రసంగించుటతో ఆయన తిరిగి ప్రజల ముందుకు వచ్చినారు. ఆ మరుసటి నెలలోనే అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. 1977 మార్చి ఎన్నికలలో ఉత్తరదేశమంతట కాంగ్రెసు తుడిచిపెట్టుకొని పోగా, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే దక్కినవి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, గెలిచినవారు సంజీవరెడ్డి. ఆయన ఎన్నికల చరిత్రలో దీనికి సాటి వచ్చే విజయం లేదు. పాతికేళ్ళ క్రితం బావమరిది గెలుపుతో నేర్చిన పాఠం ఇచ్చట అక్కరకు వచ్చినదేమో.

మార్చి 26న మరల సభాపతి అయినారు. ఫిబ్రవరిలో రాష్ట్రపతి శ్రీ ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ పదవిలోనే మరణించినందున ఆ స్థానం ఖాళీగా ఉన్నది. రెండు పర్యాయాలును ఒక ముస్లిం రాష్ట్రపతి మరణానంతరమే సంజీవరెడ్డిగారు అభ్యర్థి అగుట యాదృచ్ఛికం. జూలై 13న సభాపతి పదవికి రాజీనామా చేసినారు; ఇది నాలుగవది. ఈ పర్యాయం కాంగ్రెసు కూడ ఆయననే సమర్థించినది. మొత్తం 37 మంది నామినేషన్లు వేయగా 36 చెల్లలేదు. పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరచువారు, 2,500 రూపాయల ధరావతు ఉండవలెనని 1974లో చట్టాన్ని సవరించినారు. ఊరకనే నామినేషన్ వేయువారిని ఆ సవరణ నిలువరించినది. ఎనిమిదేండ్ల క్రితం అంకెలు వేసి ఓడించిన పదవి ఓటింగు లేకుండానే లభించినది. 1977 జూలై 25న ఆయన ప్రమాణస్వీకారం చేసినారు.

రాష్ట్రపతిగా ఆయన ఎదుర్కొన్న పరీక్ష 1979లో వచ్చినది. జూలైలో మొరార్జీ దేశాయ్ రాజీనామా చేయగా, జూలై 28న చరణ్ సింగ్ ప్రధాని అయినారు. ఇందిరాగాంధీ పక్షం మద్దతు ఉపసంహరించుటతో ఆగస్టు 20న, లోక్‌సభను ఎదుర్కొనకుండానే ఆయనయు రాజీనామా చేసినారు. తమకు బలమున్నదని జగ్జీవన్ రామ్ చెప్పినను, అవకాశమీయక రాష్ట్రపతి ఆగస్టు 22న లోక్‌సభను రద్దు చేసినారు. సభకు మెజారిటీ నిరూపణ చేసికొనే అవకాశం ఇచ్చి ఉండవలసినదని మా అభిప్రాయం. ఫిరాయింపులతో మరియొక బలహీన ప్రభుత్వం వచ్చునన్న వాదాన్ని కూడ కొట్టివేయలేము. ఆ జగ్జీవన్ రామ్‌గారే 1969లో ఇందిరాగాంధీ మనస్సులోని అభ్యర్థి అగుటచే ఈ నిర్ణయంపై విమర్శలు మరింత పెరిగినవి.

1980 జనవరి 14న శ్రీమతి ఇందిరాగాంధీచేత ప్రధానిగా ప్రమాణం చేయించినవారును సంజీవరెడ్డిగారే. 1982 జూలై 25న పదవీకాలం పూర్తి చేసికొని వెళ్ళిపోయినారు. 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూసినారు. 64 ఏండ్ల వయస్సులో ఆ పదవికి వచ్చిన అతి పిన్నవయస్కులన్న ఖ్యాతి 2022లో శ్రీమతి ద్రౌపదీ ముర్ము ఎన్నికయ్యే వరకు ఆయనదే.