చేతిఫోనులోని ఆరోగ్య పాఠము: చూచుట ఎట్లు? నమ్ముట ఎంత?

మా పాఠశాల వార్షిక సంచికలో విద్యార్థుల వ్యాసములతో పాటు తల్లిదండ్రుల కొరకు ఒక పాఠమును ప్రచురించుట ఆనవాయితీ. ఈ సంవత్సరము మేము ఎన్నుకొన్న విషయము చాల సామాన్యముగా కనబడును. కాని అది మన ఇండ్లలో ప్రతి దినము జరుగుచున్నది. ఒంట్లో నలతగా ఉన్నప్పుడు సెల్‌ఫోను తెరచి, ఒకటి రెండు నిమిషముల పొట్టి వీడియో చూచి, అందులో చెప్పినట్లు చేయుటయే ఆ విషయము. ఇది మంచిదా, చెడ్డదా అని మమ్ము అడిగిన తల్లులు అనేకులు. ఒక్క మాటలో సమాధానము చెప్పుటకు వీలు లేనందున ఈ పాఠము వ్రాయుచున్నాము.

మన షోలాపురపు తెలుగు కుటుంబములలో పెక్కు, మగ్గముల పనికై తెలంగాణమునుండి తరతరముల క్రిందట వచ్చి స్థిరపడినవి. మగవారు కార్ఖానాలకు పోవుదురు. ఆడవారు ఇంటిపట్టున బీడీలు చుట్టుదురు. ఇంట మాటలాడునది తెలుగు, బజారున మరాఠీ. డాక్టరుగారు వ్రాసియిచ్చు చీటీ ఇంగ్లీషు. రోగము ఒకటే అయినను దానిని మూడు భాషలలో తెలిసికొనవలసి వచ్చుచున్నది. ఇట్టి స్థితిలో తెలుగున ఒకరు నెమ్మదిగా వివరించు వీడియో దొరికినచో ప్రాణము లేచివచ్చినట్లుండుట సహజమే. అందులోని మేలును, కీడును మేము ఒకే ఇంటిలో చూచితిమి.

మా పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలిక నాయనమ్మకు చాల ఏండ్లుగా చక్కెర వ్యాధి కలదు. ఆమె సర్కారు దవాఖానాలో ఇచ్చు మాత్రలు వాడుచుండెను. ఒకనాడు మనుమరాలు ఫోనులో ఒక వీడియో చూపినది. తెల్లకోటు తొడుగుకొన్న ఒకాయన, ఏదో ఆకు కషాయమును ఇరువదియొక్క దినములు త్రాగినచో మాత్రల అవసరమే ఉండదని చెప్పెను. ముసలామె మాత్రలు మానివేసెను. మూడవ వారమున దప్పిక మిక్కుటమై, మాటిమాటికి మూత్రమునకు పోవుచు, పగలెల్ల మగతగా పడియుండెను. ఇంటివారు ఆమెను దవాఖానాకు తీసికొనిపోయిరి.

అక్కడ మరియొక చిక్కు. "నాకు చక్కెర ఉన్నది" అని ఆమె పలుమారు చెప్పినది. మరాఠీలో చక్కర్ అనగా తల తిరుగుట. విన్నవారు తల తిరుగుచున్నదని అనుకొనిరి. కుమారుడు వచ్చి వివరించిన పిమ్మట రక్తపరీక్ష జరిగి, చికిత్స ఆరంభమైనది. కొన్ని దినములకు ఆమె క్షేమముగా ఇంటికి వచ్చినది.

బాలిక మాత్రము వారము దినములు బడికి రాలేదు. వచ్చిన దినమున, కారణము విచారింపకయే మేము కోపించితిమి. ఆ పిల్ల తల వంచుకొని, "ఆ వీడియో నేనే సూపించిన సార్. అవ్వకు ఫోన్ల టైపు చేయరాదు" అని మాత్రము చెప్పినది. మాకు మాట పెగలలేదు. ఏలయన, అంతకు ముందు సంవత్సరము ప్రార్థన సమావేశమున, "ఫోనును ఆటలకు గాక జ్ఞానమునకు వాడుడు, ఇంటి పెద్దలకు మంచి విషయములు చూపుడు" అని పిల్లలకు బోధించినవారము మేమే. చూపుమంటిమి గాని, మంచిది ఏదో తెలిసికొను మార్గమును నేర్పలేదు. తప్పు పిల్లది కాదు. ఆనాటినుండి శనివారము చివరి గంటలో ఈ పాఠమును చెప్పుచున్నాము. దాని సారాంశమే ఈ క్రింది భాగము.

మొదట మేలు చెప్పెదము. కొన్ని సంగతులు పుస్తకములో చదివినదానికంటె కంటితో చూచినప్పుడే బోధపడును. పసిబిడ్డకు ఊపిరితిత్తుల జబ్బు సోకినప్పుడు శ్వాస వేగము పెరుగును. ఊపిరి పీల్చినప్పుడు ప్రక్కటెముకల క్రిందిభాగము లోనికి పోవును. దీనిని ఎన్ని మాటలలో వ్రాసినను తల్లికి తెలియుట కష్టము. అర నిమిషము చూచినచో జ్ఞాపకముండును. బిడ్డ ఏడువక నెమ్మదిగా ఉన్నప్పుడు నిండు నిమిషము లెక్కింపవలెను. రెండు నెలలు నిండని శిశువునకు నిమిషమునకు 60, రెండు నెలలు మొదలు సంవత్సరము లోపు బిడ్డకు 50, ఒకటి మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు 40, లేక అంతకు మించి శ్వాసలున్నచో వెంటనే వైద్యునికి చూపవలెను. పక్షవాతము వచ్చినవారి మూతి ఒక ప్రక్కకు జారుట, ఒక చేయి ఎత్తలేకపోవుట, మాట తడబడుట కూడ ఇట్లే చూచి నేర్వదగినవి. రక్తనాళమున గడ్డ అడ్డుపడుటచే వచ్చిన పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు సూదిమందును సాధారణముగా నాలుగున్నర గంటల లోపుననే ఈయవలెను. కనుక ఆ గురుతులు తెలిసిన ఇంటివారు కాలయాపన చేయక 108కి ఫోను చేయుదురు.

ఇక కీడు. యూట్యూబువారు పొట్టి వీడియోలను మొట్టమొదట మన దేశముననే 2020 సెప్టెంబరులో ప్రవేశపెట్టిరి. మొదట వాని నిడివి ఒక నిమిషమునకు మించలేదు. 2024 అక్టోబరునుండి మూడు నిమిషముల వరకు అనుమతించిరి. ఇంత కొద్ది కాలములో "అయితే", "తప్ప" అను మాటలకు చోటు చాలదు. నీరు బాగుగా త్రాగుట మంచిదనుట నిజమే. కాని గుండె, మూత్రపిండములు బలహీనమైన కొందరికి వైద్యులే నీటిని తగ్గింతురు. కొబ్బరినీరు మంచిదే, కాని అందు పొటాషియము మెండుగా ఉన్నందున మూత్రపిండముల రోగులకు హాని కలుగవచ్చును. వీడియో అందరికి ఒకే మాట చెప్పును; మన ఒంటిలో ఏమున్నదో దానికి తెలియదు.

మరియొక సంగతి పెద్దలు ముఖ్యముగా గుర్తింపవలెను. ఒక రకపు వీడియోను చివరివరకు చూచినచో, అట్టివే మరికొన్నిటిని ఫోను మన ముందుంచును. అప్పుడు "పదిమంది చెప్పుచున్నారు గదా" అని మనకు తోచును. అది పదిమంది సాక్ష్యము కాదు. మనము చూచినదానినే ఫోను మరల మరల వడ్డించుట మాత్రమే.

కావున ఏ ఆరోగ్య వీడియో చూచినను ఈ అయిదు ప్రశ్నలు వేసికొనవలెనని మా విద్యార్థులకు నేర్పుచున్నాము.

మొదటిది: చెప్పువారెవరు? పేరు, చదువు, పనిచేయు దవాఖానా తెలియవలెను. తెల్లకోటు ప్రమాణము కాదు. ఇప్పుడు పేరుపొందిన వైద్యుల ముఖమును, గొంతును కూడ యంత్రముచే కల్పించి దొంగ వీడియోలు చేయుచున్నారు. కనుక ఆరోగ్యశాఖ, వైద్య కళాశాల, ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలగువారి సొంత చానెలులో ఉన్నదా అని చూడవలెను.

రెండవది: ఎప్పుడు చెప్పిరి? వైద్యశాస్త్రము మారుచుండును. పాత సలహా నేడు పనికిరాకపోవచ్చును.

మూడవది: ఏమైన అమ్ముచున్నారా? చక్కెర వ్యాధి, అధిక రక్తపోటు, క్యాన్సరు మొదలగు రోగములను నయము చేయుదుమని మందులను ప్రకటించుటను మన దేశమున 1954వ సంవత్సరపు చట్టము నిషేధించుచున్నది. అట్టి ప్రకటన కనబడినచో, చెప్పువాడు చట్టమునకు వెరవనివాడని తెలిసికొనుడు.

నాలుగవది: ఏమైన మానుమనుచున్నారా? వాడుచున్న మందును మానుమని చెప్పు వీడియోను అక్కడనే ఆపివేయవలెను. మందు మార్చుట, తగ్గించుట మనలను పరీక్షించిన వైద్యుని పని.

అయిదవది: రెండవ చోట విచారించితిమా? మన వాడకు వచ్చు ఆశా కార్యకర్తను గాని, దవాఖానాలోని నర్సును గాని అడుగుటకు సిగ్గుపడరాదు.

ఈ ప్రశ్నలను రెండు సామాన్య వ్యాధుల విషయమున వాడి చూచెదము.

పిల్లలకు విరేచనములు పట్టుకొన్నప్పుడు ప్రాణాపాయము కలిగించునది ఒంటిలోని నీరు, లవణములు పోవుటయే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున కలరా చెలరేగినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి ఎందరి ప్రాణములనో నిలిపెను. అదియే నేటి ఓ.ఆర్.ఎస్. పొడికి పేరు తెచ్చినది. దాని పాళ్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించినది. తేదీ చూడవలెననుటకు ఇదియొక నిదర్శనము. పొట్లము మీద ఎంత నీటికని వ్రాసియున్నదో అంత నీటిలోనే మొత్తము పొడిని కలుపవలెను. ఒక లీటరు పొట్లమును గ్లాసు గ్లాసునకు కొంచెము కొంచెముగా కలుపరాదు. పొడి దొరకనప్పుడు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమతలపు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలుపవచ్చును. ఉప్పు ఎక్కువైనచో బిడ్డకు హాని. తల్లిపాలు మానరాదు. వైద్యుడు జింకు మాత్రలు ఇచ్చినచో, విరేచనములు కట్టినను చెప్పినన్ని దినములు వాడవలెను. బిడ్డ మగతగా ఉన్నను, త్రాగలేకున్నను, మలమున రక్తము కనబడినను దవాఖానాకు పోవలసినదే.

ఓ.ఆర్.ఎస్. అను అక్షరములను పేరున తగిలించి, చక్కెర మిక్కుటముగా గల పానీయములను అమ్ముట కూడ జరిగినది. సరియైన పాళ్లు లేని పానీయములకు ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించినది. మందుల దుకాణమున అడుగునప్పుడు డబ్బా మీది బొమ్మను గాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు అని వ్రాసియున్నదా అని చూడుడు.

రెండవది చక్కెర వ్యాధి. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి కలదు. పరగడుపున తీసిన రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు, లేక అంతకు మించి ఉన్నచో వ్యాధియని అనుమానించి, మరల పరీక్షించి నిశ్చయింతురు. ఏ వీడియోయు మన రక్తమును పరీక్షింపజాలదు. కాని పాదములను ఎట్లు చూచుకొనవలెనో వీడియో చక్కగా నేర్పగలదు. ఈ వ్యాధి ముదిరినప్పుడు పాదముల నరములు మొద్దుబారి, ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. కనుక ప్రతి రాత్రి అరికాళ్లు, మడమలు, వ్రేళ్ల సందులు పరిశీలింపవలెను. వట్టి కాళ్లతో నడువరాదు. వేడినీటితో కాపడము పెట్టరాదు. మందు వాడువారికి చెమటలు పట్టి, చేతులు వణకి, కంగారు కలిగినచో చక్కెర పడిపోయినదేమోయని గుర్తించి, తెలివి ఉన్నంతలో మూడు చిన్న చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపవలెను. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయక 108కి ఫోను చేయవలెను.

చివరగా మన భాషను గూర్చి ఒక మాట. తెలుగు వీడియో చూచి రోగమును అర్థము చేసికొందుము. కాని దవాఖానాలో మరాఠీలో చెప్పవలసి వచ్చును. అందుచే పిల్లలచే ఒక చిన్న పుస్తకము వ్రాయించుచున్నాము. చక్కెర వ్యాధి మధుమేహ్, రక్తపోటు రక్తదాబ్, విరేచనములు జులాబ్, జ్వరము తాప్, దగ్గు ఖోక్లా, తల తిరుగుట చక్కర్. అదే పుస్తకమున ఇంటి పెద్దలు వాడు మందుల పేర్లు, వేళలు, పరీక్షల అంకెలు, తేదీలు వ్రాయింపుడు. దవాఖానాకు పోవునప్పుడు దానిని వెంట తీసికొనిపొండు. చూచిన వీడియోలో సందేహము కలిగినచో అదియును అందే వ్రాసికొని వైద్యునే అడుగుడు.

ఆ బాలిక కొన్నాళ్లు ఫోను ముట్టనని పట్టుపట్టినది. తరగతిలో మేమందరము కలిసి వీడియోలను పరీక్షించిన తరువాత, ఆమెయే ఒక సర్కారు వైద్య కళాశాలవారి పాద సంరక్షణ వీడియోను ఎన్నుకొన్నది. అయిదు ప్రశ్నలకును సమాధానములు వ్రాసి మాకు చూపినది. నాటినుండి రాత్రి భోజనములైన పిదప నాయనమ్మ పాదములను దీపము వెలుగున చూచుచున్నది. ఒకనాడు బొటనవ్రేలి క్రింద చెప్పు రాపిడిచే లేచిన బొబ్బ కనబడినది. ముసలామెకు నొప్పి లేదు. ఆ సంగతియే తెలియదు. మరునాడే దవాఖానాలో కట్టు కట్టించిరి, మానినది. చిన్నపిల్ల చూచియుండనిచో అది పెద్ద పుండుగా మారియుండెడిదేమో.

తల్లిదండ్రులారా! పిల్లల చేతినుండి ఫోను లాగికొనుటయు, ఇంటి వైద్యమును వారికే వదలివేయుటయు రెండును తగవు. వారి ప్రక్కన కూర్చుండి కలిసి చూడుడు. అయిదు ప్రశ్నలు వేయుడు. సందేహమున్నచో వైద్యుని అడుగుడు. మా వంతు పాఠమును మేము ఆలస్యముగా ఆరంభించితిమి. మీ ఇంట ఆలస్యము చేయవలదని మా మనవి.