మొక్కల కంచెలు: ఊరివారు కలసి పెంచవలసిన విధము

ఎండిన ముండ్లకంపతో కట్టినదానిని వెలుగనియు, తాటాకు, వెదురు మొదలగువానితో కట్టినదానిని దడియనియు చెప్పుదురు. ఈ రెండును ఏటేట కట్టవలసినవే. వానకు తడిసి, చెదపట్టి, కంప క్రుంగిపోవును; మరల కంప కొట్టించుటకు కూలియు, తోలించుటకు బాడుగయు తప్పవు. ప్రాణముగల మొక్కలతో పెంచిన కంచె యట్లుగాక వయసుతోపాటు బలపడును. అయినను గోదావరి డెల్టాలో ననేక గ్రామములందు పాత కంచెలు సందులుపడి, అడుగున బోసిపోయి, పశువులు దూరుటకు దారులై యున్నవి.

ఇది మొక్కలు దొరకకపోవుటచేత కలిగిన లోపము కాదు. రాజమహేంద్రవరమునకు దాపున కడియము, కడియపులంక గ్రామములలో కాలువగట్ల వెంబడి నున్న మొక్కలతోటలనుండి ఇతర రాష్ట్రములకు సైతము మొక్కలు పోవుచున్నవి. లోపమెల్ల ఒడంబడికలో నున్నది. కంచెకు రెండు ప్రక్కలు గలవు. సాధారణముగ ఇద్దరు యజమానులుందురు. ఒకడు నాటి రెండవవాడు నరికిన కంచె నిలువదు. ఊరుమ్మడి స్థలమైనచో అందరిదనుటచే నెవ్వరును దాని మొగము చూడరు.

1847లో ఆరంభింపబడి 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టవలన డెల్టాకు నీరు వచ్చెను, వరిసాగు పెరిగెను, మేతబీళ్లు తగ్గెను. పశువు చేనిలో పడుట, బందెలదొడ్డికి తోలుట, పిమ్మట తగవు, ఇవి నాటినుండి రైతులెరిగిన కథలే. అట్టి దొడ్ల నిమిత్తము 1871లోనే చట్టము చేయబడినది. మంచి కంచె యున్నచోట ఈ తగవులలో పెక్కు పుట్టనే పుట్టవు.

అయినను ప్రతి గట్టుమీదను కంచె వేయుమని చెప్పుట తెలివితక్కువ. వరిచేల నడిమి గట్లు సన్నముగ నుండవలెను. లావైన గట్టులో ఎలుకలు, పందికొక్కులు బొరియలు చేయును. గుబురు నీడ పడినచోట పైరు పలుచబడును. కంచె కంటె ఎలుకయే పెద్ద నష్టమని రైతు చెప్పినచో ఆ మాట త్రోసివేయదగినది కాదు. కావున కొబ్బరి, అరటి తోటల చుట్టును, బాటప్రక్కలను, మందబయలు, శ్మశానము, పాఠశాల మొదలగు ఉమ్మడి స్థలముల అంచులను మాత్రమే కంచె పెంచవలెను.

పట్టణములకు చేరువనున్న రైతులకు మరియొక సంగతి కలదు. పొలములు ఇండ్లస్థలములుగ మారునప్పుడు లేఅవుటులో నూటికి 10 వంతుల స్థలము ఉమ్మడి ఖాళీగా విడువవలెనను నియమమున్నది. ఆ ఖాళీకి హద్దు కనబడనియెడల మొదట చెత్తకుప్ప, పిమ్మట పాక, తుదకు గోడ వెలయును. పొలమునాటి పాత కంచెను పెరికివేయక ఆ స్థలమునకు అంచుగా నిలిపినచో క్రొత్తగా నాటు శ్రమ తప్పును. పిట్టలకు, తేనెటీగలకు ఆశ్రయము మిగులును.

మొక్కల నెన్నుకొనుటలో తొందర కూడదు. అమెరికా ఖండమునుండి వచ్చిన నాగజెముడును పూర్వులు కంచెకని నాటిరి. అది కంచెదాటి బీళ్లనెల్ల ఆక్రమించెను. తుదకు 1926లో సింహళమునుండి తెచ్చిన యొక జాతి పురుగు దానిని తినివేయుటచే దక్షిణదేశమునకు పీడ వదలెను. సర్కారు తుమ్మ కథయు నట్టిదే. 1870-80 నడుమ వంటచెరకు నిమిత్తము కడప ప్రాంతమున ప్రవేశపెట్టబడిన యా చెట్టు నేడు చెరువుగర్భములను సైతము విడుచుటలేదు. పశువు ముట్టదు, నీరడుగదు అను రెండు గుణములే చూచి మొక్కను నాటరాదు. నరికినప్పుడు చెప్పినమాట వినునదియా యని కూడ చూడవలెను.

తడి యెక్కువగు కాలువదరి స్థలములకు వావిలి మేలు. కొమ్మనాటిన నాటుకొనును, పశువులు మేయవు. దీని యాకును ధాన్యపు గాదెలలో పురుగు పట్టకుండ వేయు వాడుకయు కలదు. మెరకనేలలకు వాక తగినది. ముండ్లు గట్టివి, కాయ పప్పులోకిని పచ్చడికిని వచ్చును. దీని గింజ నిలువయుంచిన మొలకెత్తు శక్తి త్వరగా కోల్పోవును గాన పండు తీసిన వెంటనే చల్లవలెను. ఎదుగుదల మెల్లగనుండును, ఓపిక లేనివారు సీమచింత వేసికొనవచ్చును గాని దానిని కత్తిరింపక విడిచిన చెట్టై కూర్చుండును. గోరింట కత్తిరించినకొలది గుబురగును. పచ్చిరొట్ట కావలసినవారు నడుమనడుమ గ్లైరిసీడియా కొమ్మలు పాతుకొనవచ్చును.

కాలువలు కట్టివేసిన యెండకాలములో, రోహిణి కార్తె ముగియులోపల, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల చాలు త్రవ్వి పెంటయెరువు కలిపి పూడ్చవలెను. మృగశిర, ఆరుద్ర కార్తెలలో వాన నిలుకడగా పడినపిదప నాటవలెను. రెండు వరుసలుగ, వరుసలో అడుగునకొక మొక్క చొప్పున, ఒక వరుస మొక్కల సందులకెదురుగ రెండవ వరుస మొక్కలు వచ్చునట్లు నాటిన 100 గజములకు 600 మొక్కలు పట్టును. మొక్క అడుగున్నర ఎదిగినతోడనే సగమునకు కత్తిరింపవలెను. ఈ పని చేయుటకు రైతునకు మనసొప్పదు. కాని అది చేయనియెడల కంచెకు తల పెరుగును, అడుగు పెరుగదు. పిమ్మట నెప్పుడును క్రింద వెడల్పుగను పైన సన్నముగను ఉండునట్లు కత్తిరించుచుండవలెను.

పాత కంచెను పెరికి క్రొత్తది వేయుటకంటె బాగుచేయుటయే చౌక. తొలకరిలో మోళ్లను నేలకు అడుగెత్తున కొట్టిన చిగుళ్లు వేయును. ఒకేసారి కంచెనంతయు కొట్టరాదు. ఈయేడు సగము, వచ్చు సంవత్సరము సగము కొట్టవలెను. పెద్ద సందులున్నచోట ప్రక్కకొమ్మను నేలకు వంచి మన్ను కప్పి వేరూనజేయవచ్చును.

నాటకమునుపే సర్వేరాళ్లను చూచుకొనవలెను. రాయి కంచెలో కప్పబడిన తరువాతితరములో వ్యాజ్యమగును. ప్రతి రాయివద్దను కనబడునంత ఖాళీ విడువవలెను. పోరంబోకులో కంచె వేసినంతమాత్రమున భూమి తనది కాదు. 1905 నాటి భూ ఆక్రమణ చట్టము క్రింద తొలగింపబడును. అట్టిచోట పంచాయతీ తీర్మానముతోను, కాలువగట్టుమీద నీటిపారుదల శాఖవారి యనుమతితోను మాత్రమే నాటవలెను. పూడికతీయు యంత్రమునకు దారి విడువవలెను. కంచెలో ఎదిగిన పెద్దచెట్లను కొట్టుటకు, మినహాయింపు గల జాతులు తప్ప, 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము ననుసరించి అనుమతి పొందవలెను.

ఉమ్మడి కంచెకు ఎవరెవరు ఎన్ని గజములు కత్తిరింపవలెనో, ఆకు, కాయ, పుల్ల ఎవరికి చెందునో నాటినదినముననే కాగితముపై వ్రాసి చేవ్రాళ్లు చేయవలెను. మొదటి రెండు వేసవులు నీరు పోయువారి పేరును అందులోనే చేర్చవలెను.