మన సీమలోని దర్శనీయ స్థలాలు

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పెద్దలు భావించారు. ఉర్దూలో విహారానికి 'సైర్' అని, ప్రయాణానికి 'సఫర్' అని రెండు వేరు మాటలు ఉన్నవి. చూచి ఆనందించడం మొదటిది. చూచినదానిని మనసున నిలుపుకొని, తిరిగివచ్చి పదిమందికి తెలియజెప్పగలగడం రెండవది. 'సఫర్‌నామా' అనే సాహిత్య ప్రక్రియ ఆ రెండవ దాని నుండియే పుట్టినది. విద్యార్థికి ఈ రెండవ దృష్టి అవసరం.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1872లో యెల్లోస్టోన్ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ప్రపంచంలో అట్టి ఉద్యానవనాలకు అదియే ఆద్యం. ప్రజలు చూడదగిన స్థలాన్ని ప్రజలే కాపాడుకోవాలన్నది దానిలోని పరమార్థం. ఈ దృష్టితో పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను పరిశీలిద్దాం. 2016లో ఇవి పలు జిల్లాలుగా విభజింపబడినప్పటికీ, గోదావరికి ఇరువైపుల ఉన్న ఈ సీమ చరిత్ర విడదీయరానిది.

ఎలగందుల

కరీంనగర్‌కు చేరువలో, మానేరు తీరాన ఎలగందుల కోట కలదు. కాకతీయుల కాలం నుండి అసఫ్‌జాహీల వరకు పలు రాజవంశాలు దీనిని ఏలినవి. ఒకప్పుడు జిల్లా కేంద్రం ఇదియే. కోటలో దేవాలయాలూ మసీదూ రెండూ ఉన్నవి. కోటకు కొంత దూరాన రెండు మీనార్లు గల ఈద్గా ఉన్నది. కరీంనగర్‌కు కీర్తి తెచ్చిన వెండి తీగల నగిషీ పనికి పుట్టినిల్లు ఈ ఎలగందులయే. కోట గోడ మాత్రమే చూచి వెనుదిరిగినవారికి ఈ సంగతి తెలియదు.

కురిక్యాల బొమ్మలగుట్ట

తెలుగు చదివే ప్రతి విద్యార్థి చూడవలసిన స్థలం గంగాధర సమీపాన గల కురిక్యాల బొమ్మలగుట్ట. పదవ శతాబ్దిలో వేములవాడ చాళుక్యులు ఈ సీమను పాలించారు. రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ మహాకవి పంపడు ఉండెను. అతని తమ్ముడు జినవల్లభుడు ఈ గుట్టపై జైన తీర్థంకరుల రూపాలను, చక్రేశ్వరీ దేవి మూర్తిని చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం వేయించెను. అందలి తెలుగు భాగంలో మూడు కంద పద్యాలు ఉన్నవి. నన్నయ భారత రచన పదకొండవ శతాబ్ది నాటిది. అనగా ఆదికవికి సుమారు నూరేండ్లకు పూర్వమే కందం మన గుట్టరాతిపై నిలిచినది. 2008లో తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించిన సందర్భంలో పండితులు ఈ శాసనాన్ని కూడ సాక్ష్యంగా పేర్కొన్నారు.

ఇంతటి సాక్ష్యం ఒక గ్రామపు గుట్టపై ఎండకు ఎండి, వానకు తడుస్తున్నది. కరీంనగర్ గ్రానైటు విదేశాలకు ఎగుమతి అవుతున్నది; దానితోపాటు ఎన్నో గుట్టలు కరిగిపోతున్నవి. రాతి విలువను ఘనపు మీటర్లలో మాత్రమే లెక్కించేవారికి దానిపై ఉన్న అక్షరం కనబడదు. ఆ అక్షరాన్ని చదువగలవారు మనలో పెరగడమే దానికి నిజమైన రక్షణ.

గోదావరి తీరం

వేములవాడ రాజరాజేశ్వరాలయ ప్రాంగణంలోనే ఒక దర్గా ఉండుట ఈ సీమ స్వభావాన్ని చెప్పకనే చెప్పుచున్నది. ధూళికట్టలో బౌద్ధ స్తూప శిథిలాలు ఉన్నవి. గోదావరి ఒడ్డున గల కోటిలింగాలలో శాతవాహన వంశ స్థాపకుడైన శ్రీముఖుని నాణేలు లభించినవి. జగిత్యాలలోని నక్షత్రాకారపు కోట పద్దెనిమిదవ శతాబ్ది నాటిది. నదిని దాటి నిర్మల్ చేరినచో అదే శతాబ్దికి చెందిన కోటలూ, గొలుసుకట్టు చెరువులూ కనిపించును. పొనికి చెక్కతో బొమ్మలు చేసి, వాటికి సజీవమైన రంగులు అద్దే నిర్మల్ కళాకారుల పని చూచితీరవలసినది.

అడవులు, జలపాతాలు

నేరడిగొండ సమీపాన కడెం నది సుమారు 147 అడుగుల ఎత్తు నుండి దూకి కుంటాల జలపాతమైనది. వానకాలం వెనుకబడిన నెలలు దీనిని దర్శించుటకు అనువైనవి. అయితే అడుగున గల మడుగు లోతు కంటికి తెలియదు. నీట దిగి ఎందరో యువకులు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. విద్యార్థులు గట్టునుండి చూచియే తృప్తి పడవలెను. జన్నారం చుట్టును గల కవ్వాల అడవి 1965లో అభయారణ్యంగాను, 2012లో పులుల అభయారణ్యంగాను గుర్తింపు పొందినది. మహారాష్ట్రలోని తాడోబా నుండి పులులు ఈ దిక్కునకు వచ్చుటకు అడవి తెగిపోని దారులు కావలెను.

ఈ అడవి కేవలం మృగాలది కాదు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యనాడు జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశీయులైన గోండులు కాలినడకన గోదావరి జలం తెచ్చెదరు. భూమి, అడవులపై హక్కులకై పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యెను. ఆయన పేరిట నిలిచిన 'జల్, జంగల్, జమీన్' అన్న నినాదం ఉర్దూ, తెలుగు విద్యార్థులకు ఒకేవిధంగా అర్థమయ్యేది. జాతరకు వెళ్లినవారు ఆచారాన్ని గౌరవించి, అనుమతి లేక ఛాయాచిత్రాలు తీయరాదు.

విద్యార్థుల కర్తవ్యం

యాత్రకు ముందు ఆ స్థలాన్ని గూర్చి చదువవలెను. అక్కడి వృద్ధులను అడిగి, విన్నదానిని వ్రాసుకొనవలెను. పుస్తకంలోని చరిత్రను, జనుల నోటి కథను వేరువేరుగా గుర్తించవలెను. కోటగోడలపై పేర్లు చెక్కరాదు. కళాశాల సంఘంవారు ఏటేటా ఒక్క స్థలానికైనా విద్యార్థులను పంపి, వారు ఉర్దూలోను తెలుగులోను వ్రాసిన యాత్రా వివరాలను గ్రంథాలయంలో భద్రపరచినచో, పదేండ్లలో ఈ సీమకు మన కళాశాలయే ఒక సఫర్‌నామా సమకూర్చగలదు. గుట్ట కరిగినా, గోడ కూలినా ఆ వ్రాతలు నిలుచును. గుట్ట కరగకముందే, గోడ కూలకముందే కాపాడుకొనగల పౌరులను తయారుచేయుట అంతకంటె మేలు.