అవయవ మార్పిడి తర్వాత పిల్లల కళ్లకు ముప్పు

కిడ్నీ, కాలేయం మార్చిన పిల్లల్లో కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే మందులే ఒక్కోసారి కంటికి చేటు చేస్తాయి.

పోటీ పరీక్షల్లో ప్రశ్న ఎక్కువగా స్టెరాయిడ్లపైనే రావచ్చు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ దీర్ఘకాలం వాడితే కటకం వెనుక పొర దగ్గర శుక్లం ఏర్పడవచ్చు. ఎండలోకి రాగానే చూపు మసకేస్తుంది, పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతాయి. స్టెరాయిడ్ల వల్ల కంటి లోపలి ఒత్తిడి పెరిగితే గ్లాకోమా రావచ్చు. ఇది చాలాసార్లు నొప్పి లేకుండానే దృక్‌నాడిని దెబ్బతీస్తుంది. పసివాళ్లు చెప్పుకోలేరు పాపం, క్రమం తప్పని కంటి పరీక్షే దిక్కు.

ఈ మందులతో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు సైటోమెగలో వైరస్ రెటీనాకు సోకవచ్చు. దానికి మందు గాన్‌సైక్లోవిర్.

తిరస్కరణను ఆపే టాక్రోలిమస్ 1984లో జపాన్‌లోని సుకుబా మట్టి బ్యాక్టీరియా నుంచి దొరికింది. ఇక చట్టం సంగతికొస్తే, మన దేశపు మానవ అవయవాల మార్పిడి చట్టం 1994 నాటిది. 2011 సవరణతో అందులో కణజాలాలూ చేరాయి. కార్నియా కణజాలమే, అవయవం కాదు. ఆప్షన్లలో జాగ్రత్త!