వర్తకుని చూపు – ప్రపంచ చరిత్ర

ఉద్దేశం

వాణిజ్యవిద్యను అభ్యసించేవారికి ప్రపంచ చరిత్ర పరిజ్ఞానం ఎందుకు అవసరమో తెలియజేయడం. లాభనష్టాల లెక్కల వెనుక ఉన్న మానవ జీవితాన్ని గమనించే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదివిన విద్యార్థి ఒకడు విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణ శాస్త్రంలో చేరాడు. మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూడవచ్చి, "మాస్టారూ! మాకు ప్రపంచ చరిత్రను కూడా ఒక పాఠ్యాంశంగా పెట్టారు. రేపు నేను చూడవలసినవి ఖాతాలు, షేర్ల ధరలు. ఎప్పుడో గతించిన రాజుల సంవత్సరాలు నాకెందుకు?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో అవిధేయత లేదు, నిజాయితీ ఉంది. వ్యాపారం చదివేవాడు ప్రతిదానికీ ప్రయోజనం అడగడం సహజం. ఆనాడు అతనికి చెప్పినవి కొన్ని, తరువాత నాకు తోచినవి కొన్ని కలిపి ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

అతని చేతికి నేను ముందుగా చరిత్ర గ్రంథం ఇవ్వలేదు. శ్రీనాథుని 'హరవిలాసం' ఇచ్చాను. ఆ కావ్యాన్ని అంకితం పొందినవాడు రాజు కాడు, అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడు. రెడ్డిరాజుల కాలంలో సుగంధద్రవ్యాల వ్యాపారం చేసిన ఆ శ్రేష్ఠి సింహళం నుంచి ఏనుగులను, హురుముంజి నుంచి గుర్రాలను, చీనా నుంచి పట్టువస్త్రాలను తెప్పించినట్లు కవి వర్ణించాడు. హురుముంజి అంటే పారశీక సింధుశాఖ ముఖద్వారం వద్ద ఉన్న హోర్ముజ్. ముడిచమురు ధరల వార్తలలో మనం తరచుగా వినే పేరే అది. ఆరువందల ఏళ్లనాటి తెలుగు వర్తకునికి ఆ రేవు సంగతి తెలుసు. నేటి వాణిజ్య విద్యార్థికి తెలియకపోతే ఎలా?

లెక్కకూ చరిత్ర ఉంది

వాణిజ్యశాస్త్రంలో మీరు మొదట నేర్చుకొనేది జంటపద్దు విధానం. ప్రతి డెబిట్‌కు సమానమైన క్రెడిట్ ఉండాలన్నది దాని నియమం. 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన తన గణితగ్రంథంలో లూకా పచోలీ అనే క్రైస్తవ సన్యాసి ఈ విధానాన్ని విపులంగా వివరించాడు. అయితే అది ఆయన కనిపెట్టినది కాదు. ఇటలీ వర్తకులు అప్పటికే అనుసరిస్తున్న పద్ధతినే ఆయన గ్రంథస్థం చేశాడు.

ఆ లెక్కలకు ఆధారమైన అంకెలు ఎక్కడివి? స్థానవిలువతో, సున్నతో కూడిన సంఖ్యాపద్ధతి భారతదేశంలో రూపుదిద్దుకొని అరబ్బుల ద్వారా పశ్చిమానికి చేరింది. పీసా నగరానికి చెందిన ఫిబొనాచ్చి దానిని ఉత్తర ఆఫ్రికాలో నేర్చుకొని, 1202లో ఒక గ్రంథం ద్వారా ఐరోపా వర్తకులకు పరిచయం చేశాడు. ఇంత ఉపయుక్తమైన పద్ధతిని అందరూ వెంటనే స్వాగతించలేదు. 1299లో ఫ్లారెన్సు నగరంలోని ద్రవ్యమారకపు వర్తకుల సంఘం, ఖాతాలలో ఈ కొత్త అంకెలను వాడరాదని తన సభ్యులను శాసించింది. రాసిన అంకెను సులభంగా దిద్ది మోసగించవచ్చునన్న భయం దీనికి కారణమని చెబుతారు. మనం చెక్కు మీద మొత్తాన్ని అంకెలలోనే కాక అక్షరాలలో కూడా రాస్తున్నాం. ఆ జాగ్రత్త ఎంత పాతదో చరిత్ర చదివితే తెలుస్తుంది.

వాటా వెనుక మనిషి

1602లో నెదర్లాండ్స్‌లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది. సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనాన్ని ప్రజల నుంచి సేకరించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే వెయ్యిమందికి పైగా పెట్టుబడి పెట్టారు. వారిలో సంపన్న వర్తకులే కాదు, తాను కూడబెట్టుకొన్న సొమ్మును తెచ్చి ఇచ్చిన పనిమనిషి కూడా ఉంది. వాటాను మరొకరికి అమ్ముకొనే వీలుండటంతో వాటాల మారకం పెరిగింది. నేటి స్టాక్ మార్కెట్ల తొలి రూపాన్ని చరిత్రకారులు అక్కడే చూస్తారు.

ఆ కంపెనీ వారు కొద్దికాలానికే మచిలీపట్నం చేరారు. మన నేతగాళ్లు నేసిన వస్త్రాలను కొని, తూర్పు దీవులకు తీసుకువెళ్లి సుగంధద్రవ్యాలకు మారకం వేసేవారు. ఆ దీవులలో బందా ద్వీపాలు జాజికాయకు, జాపత్రికి ఆనాడు ఏకైక జన్మస్థానం. ఆ సరుకు తమకు తప్ప అన్యులకు అమ్మరాదని కంపెనీ పట్టుబట్టింది. ద్వీపవాసులు దానికి కట్టుబడలేదు. 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్ సైన్యంతో వెళ్లి ఆ ద్వీపాలను ఆక్రమించాడు. సుమారు పదిహేను వేలమంది ఉన్నారనుకొనే ఆ నేలపై ఒక వెయ్యిమంది మాత్రమే మిగిలి ఉంటారని చరిత్రకారుల అంచనా. మిగిలినవారిలో కొందరు హతులయ్యారు, కొందరు ఆకలికి బలయ్యారు, కొందరు పారిపోయారు, కొందరు బానిసలయ్యారు. తరువాత ఆ తోటలలో బయటినుంచి తెచ్చిన బానిసలచేత పని చేయించారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో వాటా కొన్నవారు కత్తి పట్టలేదు. వారిలో చాలామందికి బందా ఎక్కడ ఉందో కూడా తెలిసి ఉండదు. కంపెనీ లెక్కలలో జాజికాయల తూకం ఉంది, లాభం ఉంది. చనిపోయినవారికి ఆ పుస్తకంలో పద్దు లేదు. రేపు మీరు రాయబోయే పుస్తకాలలో కూడా ఏ పద్దులు ఉండవో ఆలోచించడం ఈ చరిత్ర నేర్పే పాఠం.

సంతను శాసించిన చట్టం

అద్దకపు వస్త్రాల కథ మరొకటి. మచిలీపట్నం మొదలైన కోరమండల్ రేవుల నుంచి వెళ్లిన రంగురంగుల నూలు వస్త్రాలు పదిహేడవ శతాబ్దంలో ఐరోపా వాసులను మురిపించాయి. ఉతికినా వెలిసిపోని రంగులు వాటి ప్రత్యేకత. తమ జీవనం దెబ్బతింటున్నదని ఇంగ్లండులోని ఉన్ని, పట్టు నేతవారు ఆందోళన చేశారు. 1700లో ఇంగ్లండు పార్లమెంటు భారతదేశపు అద్దకపు నూలు వస్త్రాలను దేశీయ వినియోగానికి దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించింది. 1721లో అటువంటి వస్త్రాలు ధరించడాన్ని కూడా చాలావరకు నిషేధిస్తూ మరొక చట్టం చేసింది. ఆ రక్షణ నీడలో అక్కడి నూలు పరిశ్రమ ఎదిగింది. యంత్రబలం చేకూరిన తరువాత, పందొమ్మిదవ శతాబ్దంలో, అదే దేశం స్వేచ్ఛా వాణిజ్యాన్ని ప్రబోధించింది. అప్పుడు మన నేతగాని మగ్గం లాంకషైరు మిల్లు బట్టతో పోటీపడవలసి వచ్చింది.

సంతలో గెలుపోటములను సరుకు నాణ్యత ఒక్కటే నిర్ణయించదని దీనివల్ల స్పష్టమవుతున్నది. సుంకాలు, చట్టాలు, అధికారం కూడా ధరను నిర్ణయిస్తాయి. ఈ సత్యం గిరాకీ, సరఫరా రేఖలలో పూర్తిగా కనిపించదు.

నమ్మకమే మూలధనం

1720లో లండనులో సౌత్ సీ కంపెనీ వాటా ధర ఏడాది మొదట సుమారు 128 పౌండ్లు. వేసవికి దాదాపు వెయ్యి. సంవత్సరాంతానికి మళ్లీ మొదటి స్థాయికే పడిపోయింది. కంపెనీ చేసిన వ్యాపారం స్వల్పం, చూపిన ఆశ అపారం. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు తమ ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు నిజానికి లేవని లేఖ ద్వారా ఒప్పుకొన్నాడు. అంతవరకు అక్కడ కూడా డెబిట్, క్రెడిట్ సరిపోతూనే ఉన్నాయి. పద్దులు సరిపోవడం వేరు, సత్యం కావడం వేరు. ఈ రెండింటి నడుమ దూరాన్ని వేలాది ఉద్యోగుల కుటుంబాలు అనుభవించాయి.

దీనికి ఎదురుగా మోటుపల్లి శాసనాన్ని ఉంచి చూడండి. పూర్వం గాలివానకు ఓడలు ఒడ్డుకు కొట్టుకువస్తే వాటిలోని సరుకునంతా రాజులు స్వాధీనం చేసుకొనేవారు. కాకతి గణపతిదేవుడు 1244–45లో ఇచ్చిన అభయశాసనంలో ఆ పద్ధతిని విడిచి, నియమిత సుంకాన్ని మాత్రమే గ్రహిస్తానని విదేశీ వర్తకులకు మాట ఇచ్చాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవారికి ధనం కంటె అభయం ముఖ్యమని ఆ రాజు గ్రహించాడు. తక్షణ లాభాన్ని వదులుకొని నమ్మకాన్ని సంపాదించడం ఎంతటి వ్యాపార నీతియో ఈ ఒక్క శాసనం చెబుతుంది.

ముగింపు

విద్యార్థులారా! చరిత్ర రేపటి ధరను చెప్పదు. చెబుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఏ సరుకును చూసినా, ఏ సంస్థను గురించి చదివినా మూడు ప్రశ్నలు వేసుకోవడం మాత్రం అది నేర్పుతుంది: ఇది ఎవరి శ్రమ? దీని ధరను ఎవరి అధికారం నిర్ణయించింది? ఈ లెక్కలో రాయకుండా విడిచినది ఏది?

ఆ విద్యార్థి మరుసటి సెలవులకు మళ్లీ వచ్చాడు. ఈసారి చరిత్ర ఎందుకని అడగలేదు. "మాస్టారూ! బందా గురించి మా లెక్కల పుస్తకంలో ఎక్కడ రాయాలి?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. మీ తరం దానికి ఒక పద్దును కనిపెట్టాలని నా ఆకాంక్ష.

కఠిన పదాలు – అర్థాలు

శ్రేష్ఠి = ధనికుడైన వర్తకుడు
ద్రవ్యమారకం = ఒక నాణేన్ని మరొక నాణేనికి మార్చడం
హతులు = చంపబడినవారు
అభయం = భయం లేదని ఇచ్చే మాట
నియమిత సుంకం = ముందుగా నిర్ణయించిన పన్ను

ప్రశ్నలు

1. బందా ద్వీపాల ఉదంతం వాణిజ్య విద్యార్థికి నేర్పే పాఠాన్ని వివరించండి.
2. 'పద్దులు సరిపోవడం వేరు, సత్యం కావడం వేరు' – సమర్థించండి.
3. గణపతిదేవుని అభయశాసనం విశిష్టతను తెలపండి.
4. మీ ఊరి సంతలో దొరికే ఒక సరుకును ఎన్నుకొని, పాఠంలోని మూడు ప్రశ్నలకు సమాధానాలు సేకరించండి.