వార్డు చూసి కాలేజీలో చేరండి

చాలాకాలం వార్డుల్లో సిస్టర్‌గా పనిచేశాను. తర్వాత నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, బైపీసీ పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ సలహా కోసం మా ఇంటికి వస్తారు. విశాఖలో ఇన్నేళ్లు చూసినదాన్నిబట్టి వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. కాలేజీ భవనాన్ని కాదు, దాని ఆసుపత్రిని చూడండి.

ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. వందేళ్లు దాటినా దాని పేరు నిలిచిందంటే, అక్కడి విద్యార్థులకు కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉండబట్టే. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, ఒడిశాలోని కోరాపుట్... ఇన్ని చోట్ల నుంచి రోగులు కేజీహెచ్‌కి వస్తారు. పుస్తకంలో ఒక పేరాతో సరిపెట్టిన జబ్బు అక్కడ మంచం మీద మనిషి రూపంలో కనిపిస్తుంది. నర్సింగ్ అయినా, ఫిజియోథెరపీ అయినా, ల్యాబ్ కోర్సు అయినా చదువు వచ్చేది రోగి దగ్గరే.

అందుకే ఫీజు కట్టే ముందు అడగండి. కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, లేక ఒప్పందం మీద ఇంకెక్కడికో పంపుతారా? అక్కడ కాన్పులు జరుగుతాయా? ఐసీయూలోకి విద్యార్థులను రానిస్తారా? మామూలు పనిరోజు పొద్దున పదింటికి వెళ్లి ఓపీలో ఓ గంట కూర్చోండి. కుర్చీలన్నీ ఖాళీగా ఉంటే, మీ అమ్మాయి ఇంజెక్షన్ చేయడం బొమ్మ మీదే నేర్చుకుంటుంది. ఫైనలియర్ పిల్లను పక్కకు పిలిచి "నీ చేత్తో ఎన్ని కాన్పులు చేశావమ్మా?" అని అడగండి. బ్రోచర్ చెప్పనిది ఆ పిల్ల చెబుతుంది.

2. ఎంబీబీఎస్ రానివాళ్ల కోసం మిగిలిన కోర్సులు కావివి.

నీట్‌కి ఒకసారి లాంగ్‌టర్మ్ తీసుకోవడం న్యాయమే. మూడోసారీ నాలుగోసారీ కూర్చోబెట్టడం పిల్లల వయసును తినేయడమే. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, డీఎంఎల్‌టీ రెండేళ్లు, ఫార్మ్-డీ ఆరేళ్లు. దేని పని దానిది. ఏడుస్తూ చేరిన పిల్లలు రెండో ఏడుకే డీలాపడటం చూశాను. ఇష్టపడి చేరినవాళ్లు డాక్టర్లకే గుర్తుచేసే స్థాయికి ఎదగడమూ చూశాను.

3. ఈ ఊరి పనులు తెచ్చే జబ్బులు తెలుసుకోండి. ఉద్యోగాలూ అక్కడే ఉన్నాయి.

మనది ఓడరేవు, ఉక్కు, రసాయనాల ఊరు. కోక్ ఓవెన్ల దగ్గర వేడి, రోలింగ్ మిల్లులో చప్పుడు, బొగ్గూ ఇనుప ఖనిజమూ దింపే చోట దుమ్ము. ఏళ్ల తరబడి అక్కడ పనిచేసినవాళ్లకు చెవుడు నెమ్మదిగా వస్తుంది. ఊపిరితిత్తుల బలం తగ్గుతుంటే మొదట్లో మనిషికే తెలియదు. వినికిడి పరీక్ష, ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ ఏటా సరిగ్గా చేసి, పాత కాగితంతో పోల్చి చూసేవాళ్లుంటే ముందే పట్టుకోవచ్చు. 500 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీలో అంబులెన్స్ గది, అందులో వైద్య, నర్సింగ్ సిబ్బంది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. కార్మికుల ఆరోగ్యం చూసే డాక్టర్లకు ఏఎఫ్ఐహెచ్ అని ప్రత్యేక కోర్సు ఉంది. ఆడియాలజీకి బీఏఎస్ఎల్‌పీ డిగ్రీ ఉంది. మా వీధిలో స్టీల్ ప్లాంట్ ఉద్యోగుల పిల్లలకే ఈ కోర్సుల పేర్లు తెలియవు. అది నాకు చాలా బాధ.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. అలాంటి పూట ఎవరికి ముందు ఆక్సిజన్ పెట్టాలో నిమిషాల్లో తేల్చే నర్సు కావాలి. అంబులెన్స్‌లో ఊపిరి నిలబెట్టే టెక్నీషియన్ కావాలి, రక్తపరీక్ష వెంటనే ఇచ్చే ల్యాబ్ మనిషి కావాలి. ఇలాంటి ఊళ్లో చదువుతున్నామని మన పిల్లలకు మొదటి ఏడే తెలియాలి.

4. డయాలసిస్ టెక్నీషియన్ పని చిన్నది కాదు.

ఉద్దానం కిడ్నీ జబ్బు అందరికీ తెలుసు. కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చే రోగికి సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ పడుతుంది, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ గంటల్లో డాక్టరు ఒకసారి వచ్చి చూసి వెళ్తాడు. పక్కనుండేది టెక్నీషియనే. బీపీ పడిపోతే ముందు గమనించాల్సిందీ అతనే. 2023 చివర్లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాక సొంత ఊరి దగ్గరే ఈ పని చేసే వీలూ వచ్చింది.

5. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేని సర్టిఫికెట్‌కి విలువ లేదు.

నర్సులకు నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసిస్టులకు ఫార్మసీ కౌన్సిల్. ల్యాబ్, ఫిజియోథెరపీ వంటి వృత్తులకు 2021లో పార్లమెంటు జాతీయ కమిషన్ చట్టం చేసింది. కోర్సుకి ఏ గుర్తింపు ఉందో అఫిలియేషన్ కాగితం చూశాకే చేరండి.

6. విదేశం వెళ్లాలంటే భాష ఇప్పటి నుంచే నేర్చుకోండి.

జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపుకి సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి కావాలి. అమెరికాకైతే ఎన్‌క్లెక్స్ పాసవ్వాలి. రెండూ ఆఖరి ఏడాదిలో హడావుడిగా అయ్యేవి కావు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఏ ఏజెంటు చేతికీ ఇవ్వకండి, చుట్టమైనా సరే.

7. మొదటి జీతం తక్కువగానే ఉంటుంది.

ప్రైవేటు ఆసుపత్రిలో చేరిన కొత్తలో చేతికొచ్చే డబ్బు చూసి ఇంట్లో వాళ్లు నిరాశపడతారు. మొదటి రెండేళ్లూ ఐసీయూలోనో, క్యాజువాలిటీలోనో, రద్దీ వార్డులోనో గడపండి. తర్వాత ఎక్కడికెళ్లినా అడిగేది ఆ అనుభవమే. అయితే అప్పు చేసి లక్షలు పోసి చదివించే ముందు తల్లిదండ్రులు ఈ లెక్క వేసుకోవాలి. నాకు తెలిసి చాలామంది వేసుకోరు.

8. వార్డులో అడుగుపెట్టే ముందు టీకా.

హెపటైటిస్-బీ టీకా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. చిన్నప్పుడు వేయించుకున్నట్టు కాగితం లేకపోతే కాలేజీలో చేరగానే మొదలుపెట్టండి. సూది గుచ్చుకుంటే ఆ చోటు పిండకండి. సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకముందే మొదలవ్వాలి. తిడతారన్న భయంతో దాచిపెట్టే పిల్లలు ఇంకా ఉన్నారు. తల్లిదండ్రులారా, మీ పిల్లల టీకా కార్డు ఇవాళే ఒకసారి తీసి చూడండి.